పొలిమేర దాటని తుపాకీ

త్రీ నాట్ త్రీ రైఫిల్‌తో ఒక తంటా ఉంది. గుండు పేల్చిన ప్రతిసారీ బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కాలి. అప్పుడుగానీ రెండో గుండు పేలదు. ఎదుటివాడి చేతిలో ఏకే-47 ఉంటే మనం ఈ తతంగం ముగించేలోపు వాడు సగం మ్యాగజైను ఖాళీ చేసేస్తాడు. దాదాపు నాలుగు కిలోల బరువు, 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ సైన్యం కోసం పుట్టిన నమూనా. 1995లో జమ్మూ కొండ జిల్లాల్లో గ్రామ రక్షణ కమిటీలు పెట్టి, ఉగ్రవాదుల నుంచి మీ ఊళ్లను మీరే కాపాడుకోండి అని ప్రభుత్వం జనం చేతికిచ్చింది ఎక్కువగా ఈ తుపాకీనే.

2023 జనవరి 1న చీకటి పడ్డాక రాజౌరీ జిల్లాలోని ధాంగ్రి అనే ఊళ్లోకి ఇద్దరు సాయుధులు వచ్చి, వరసగా ఇళ్లలో దూరి కాల్చారు. ఆ రాత్రికే నలుగురు పోయారు. ఇంకెంతమంది పోయేవారో గానీ, కమిటీలో సభ్యుడైన ఒకాయన తన దగ్గరున్న పాత రైఫిల్ తీసుకుని బయటికొచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. ఎదురుకాల్పులు ఉంటాయని వచ్చినవాళ్లు అనుకోలేదేమో, చీకట్లో పడి పారిపోయారు. మర్నాడు పొద్దున ఒక ఇంటి దగ్గర వాళ్లు పెట్టిపోయిన బాంబు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు, తర్వాత ఆస్పత్రిలో ఇంకొకరు. మొత్తం ఏడుగురు. ఊళ్లో కొన్ని రైఫిళ్లను అంతకుముందే వెనక్కి తీసేసుకున్నారని, అవి ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదని అక్కడివాళ్లు గోలపెట్టారు. ప్రభుత్వం కూడా ఆ మాట కొట్టిపారేయలేకపోయింది. మళ్లీ తుపాకులు పంచి, సీఆర్పీఎఫ్ చేత శిక్షణ ఇప్పించింది.

ఈ వార్త చదివేదాకా ఈ విషయంలో నాకు పెద్ద సందేహాలేమీ లేవు. మామూలు జనం చేతికి ప్రభుత్వం తుపాకీ ఇవ్వకూడదు, అంతే. ఆ అభిప్రాయం నాకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వచ్చింది. తెలుగు పేపర్లు చదువుతూ పెరిగిన నా ఈడువాళ్లలో చాలామందికి అక్కడినుంచే వచ్చి ఉంటుంది. 2005లో ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీద సల్వాజుడుం అనే ఆదివాసీ దళం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు వదిలేసి, సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలేసుకున్న గుత్తికోయల గురించి ఏళ్ల తరబడి చదివాం. 2011 జులై 5న సుప్రీంకోర్టు, మావోయిస్టుల మీదికి ఎస్పీవోలను, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లన్న పేరుతో తీసుకున్న ఊరి కుర్రాళ్లను, పంపడం ఆపండి, వాళ్లకిచ్చిన తుపాకులు వెనక్కి తీసుకోండి అని తీర్పు చెప్పినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. ఆ తీర్పు చెప్పిన ఇద్దరు జడ్జిల్లో ఒకరు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. 2025 ఆగస్టులో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు అమిత్ షా ఈ తీర్పునే తవ్వితీసి విమర్శించారు, అది నా తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు అని ఆయన జవాబిచ్చారు. కొన్ని రోజులపాటు టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అందరూ జడ్జిలైపోయారు.

ఆ గొడవలోనే నా స్నేహితుడొకడు ఫోన్లో అన్నాడు. "ఒరేయ్, వాడొచ్చి నీ తలుపు తంతున్నప్పుడు ఆ తీర్పు చదివి వినిపిస్తావా?" వాడి మాట ఎప్పుడూ మొరటుగానే ఉంటుంది, కానీ దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పుడిది రాయడం ఒకరకంగా వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబే.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఇంటి మీదికి వచ్చినవాణ్ని ఎదిరించే హక్కు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మన చట్టంలోనే ఉంది, ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా. నీ ప్రాణమే కాదు, పక్కవాడి ప్రాణం కాపాడటానికి కూడా ఆ హక్కు వాడొచ్చు. కాకపోతే అందులోనే ఒక మెలిక పెట్టారు: పోలీసులను, అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. మంచి మెలికే. కానీ కొండ మీద ఊరు, రోడ్డు కింద ఎక్కడో ఆగిపోతుంది, ఫోను సిగ్నల్ వచ్చినపుడు వస్తుంది. అక్కడ ఆ వ్యవధి ఎప్పుడూ ఉండదు. అలాంటి చోట ఖాళీ చేతులతో ఉండండి, బలగాలు వచ్చేదాకా ఓపిక పట్టండి అని సిటీలో కూర్చుని చెప్పడం నాకిప్పుడు సిగ్గుగా అనిపిస్తోంది. 2009లో ఇదే రాజౌరీ జిల్లాలో రుక్సానా కౌసర్ అనే అమ్మాయి, ఇంట్లో జొరబడి తల్లిదండ్రులను కొడుతున్న ఉగ్రవాదిని గొడ్డలితో కొట్టి, వాడి తుపాకీతోనే వాణ్ని చంపింది. తర్వాత కీర్తిచక్ర ఇచ్చారు. ఆ రాత్రి ఆమె ఏం చేసి ఉండాల్సిందని ఎవరం చెప్పగలం?

కాబట్టి తుపాకీ ఇవ్వాలా వద్దా అన్నది కాదు నా గొడవ. ఇలా ఊరు కాసే వలంటీరు దగ్గర అసలు ఆయుధం తుపాకీ కాదు, ముఖాలు తెలియడం. ఏ సైన్యం దగ్గరా లేనిది అదొక్కటే. అతనివల్ల మేలు జరిగినా కీడు జరిగినా కారణం కూడా అదే.

నైజీరియాలో చూడండి. 2013లో బోర్నో రాష్ట్రంలో ఎమర్జెన్సీ పెట్టారు. బోకో హరామ్ అనే జిహాదీ ముఠావాళ్లు మైదుగురి నగరంలో జనంలో కలిసిపోయి తిరుగుతున్నారు. సైన్యం వేరే ప్రాంతాల నుంచి వచ్చింది, ఎవరు ఎవరో తెలియదు, దాంతో కనబడ్డ కుర్రాళ్లందరినీ పట్టుకుపోయేది. అటు బోకో హరామ్ చంపుతుంది, ఇటు సైన్యం ఎత్తుకుపోతుంది. ఈ రెండింటి మధ్య నలిగిన వీధి కుర్రాళ్లు కర్రలు, కత్తులు పట్టుకుని రోడ్ల మీదికొచ్చారు. హౌసా భాషలో వాళ్లకు 'కాటో ద గోరా' అని పేరొచ్చింది, చేతికర్రవాడు అన్నట్టు. తర్వాత అదే సివిలియన్ జాయింట్ టాస్క్ ఫోర్స్ అయింది. వాళ్ల పని చాలా సింపుల్. కూడలిలో నిలబడి వచ్చే బండినల్లా ఆపి ముఖం చూడటం. వీడు మా స్కూల్లో చదివాడు, వీడు ఫలానా ఆయన కొడుకు, వీడు రెండేళ్లుగా కనబడకుండా పోయి ఇప్పుడొచ్చాడు. సైన్యం ఏళ్ల తరబడి చేయలేని పని, నగరంలోంచి బోకో హరామ్‌ను బయటికి తరమడం, కర్రలు పట్టుకున్న వీళ్లు కొద్ది నెలల్లో చాలావరకు చేశారు. ఆ తర్వాత ఆత్మాహుతి బాంబర్లు రావడం మొదలయ్యాక చెక్‌పోస్టుల దగ్గర వాళ్లను ఆపబోయి ఛిద్రమైపోయిన వలంటీర్లు ఎందరో.

ఇక్కడిదాకా వినడానికి గొప్పగా ఉంటుంది. ఇదే కథలో రెండో సగం ఏమిటంటే, ముఖం చూసి వీడు బోకో హరామ్ అని చెప్పగలిగినవాడు, తనకు పడనివాణ్ని చూపించి కూడా ఆ మాట చెప్పగలడు. చెప్పారు కూడా. వేలు చూపిస్తే చాలు, అవతలివాడి బతుకు తెల్లారిపోయేది. పైగా ఆ దళాల్లో పిల్లలను కూడా చేర్చుకున్నారు. 2017లో యునిసెఫ్ సమక్షంలో ఇక చేర్చుకోమని ఒప్పందం మీద సంతకం పెట్టి, 2019 మేలో ఒక్కరోజే 894 మంది పిల్లలను వదిలిపెట్టారు. ఎనిమిది వందల తొంభై నాలుగు. అంతమంది పిల్లలు ఒక సాయుధ దళంలో ఉన్నారంటే, దాన్ని ఊరి కాపలా అనడానికి నాకు నోరు రావడం లేదు.

పెరూలో ఉచురక్కాయ్ అని ఆండీస్ కొండల మీద ఒక ఊరుంది. ఈ విషయం మీద వాదించే ప్రతివాళ్లూ, అటువైపైనా ఇటువైపైనా, ఆ ఊరి కథ ఒకసారి తెలుసుకోవాలి. అయకుచో ప్రాంతంలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు గెరిల్లాలు ఊళ్లలో పెద్దమనుషులను చంపి, తమ మాట వినమని శాసిస్తున్న రోజులు. ఉచురక్కాయ్ చుట్టుపక్కల రైతులు తిరగబడి కొందరు గెరిల్లాలను చంపేశారు. భలే చేశారని ప్రభుత్వం, సైన్యం మెచ్చుకున్నాయి. కొత్తవాళ్లెవరైనా కాలినడకన వస్తే చంపెయ్యండి, మేమైతే హెలికాప్టర్లో వస్తాం అని సైన్యం చెప్పిందని ఊరివాళ్లు తర్వాత చెప్పారు. 1983 జనవరి 26న, అసలు ఆ కొండల్లో ఏం జరుగుతోందో చూసి రాద్దామని ఎనిమిది మంది జర్నలిస్టులు దారి చూపే మనిషిని వెంటబెట్టుకుని నడుచుకుంటూ ఆ ఊరికొచ్చారు. ఊరివాళ్లకు వాళ్లు గెరిల్లాల్లా కనిపించారు. ఎనిమిది మందినీ రాళ్లతో, గొడ్డళ్లతో చంపి ఊరి పక్కనే పాతిపెట్టారు. వాళ్ల వెంట వచ్చిన మనిషి కూడా బతకలేదు. ఒక ఫొటోగ్రాఫర్ చివరి నిమిషాల దాకా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. తర్వాత ఆ రీలు దొరికి, కడిగితే, చేతులు పైకెత్తి నిలబడ్డ తన సహచరులు అందులో ఉన్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. తమను ఎదిరించినందుకు షైనింగ్ పాత్ ఆ ఊరి మీద మళ్లీ మళ్లీ పగ తీర్చుకుంది, ఇటు సైన్యం, పక్క ఊళ్ల దళాలు కూడా వదల్లేదు. 2003లో నివేదిక ఇచ్చిన సత్య, సయోధ్య కమిషన్ లెక్కప్రకారం ఆ తర్వాత ఉచురక్కాయ్‌వాళ్లు 135 మంది చనిపోయారు. 1984కల్లా ఊరు ఖాళీ. మిగిలినవాళ్లు తిరిగొచ్చింది 1993లో.

ఈ ఊరివాళ్లను హంతకులనాలా, బాధితులనాలా? రెండూ అనాలి. ఒక్క మాటతో తేల్చేవాళ్లను నేను నమ్మను. ఆ రైతుల తెగింపులో నాకు తప్పు కనిపించదు. కానీ కాలినడకన వచ్చేవాడల్లా శత్రువే అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, అది ఊరు తనంతట తాను చేసుకున్న నిర్ణయం కాదు, పైనుంచి ఎవరో ఊరి చేతిలో పెట్టిన నిర్ణయం. తర్వాత విచారణలు జరిగితే ఇరుక్కున్నది మాత్రం రైతులు.

అదే పెరూలో దీనికి ఇంకో ముఖం ఉందని కూడా చెప్పకపోతే నేను తొండి చేసినట్టే. అక్కడి ఊరి దళాలను 'రోందా' లంటారు. అవి 1976లో ఉత్తరాన కహమార్కా ప్రాంతంలో పశువుల దొంగల మీద గస్తీగా పుట్టాయి. తుపాకుల్లేవు, రాత్రిళ్లు వంతులవారీగా తిరగడం, దొంగ దొరికితే ఊరందరి ముందు పంచాయితీ. అయకుచోలో షైనింగ్ పాత్‌ను ఎదిరించడానికి లేచినవాటికీ ఆ పేరే వచ్చింది. 1991లో ప్రభుత్వం ఆత్మరక్షణ కమిటీలకు చట్టం చేసి షాట్‌గన్లు ఇచ్చింది. ఆ కొండల్లో షైనింగ్ పాత్ నిలదొక్కుకోలేకపోయిందంటే అందులో రోందాల పాత్ర చాలా పెద్దది, ఇది చరిత్రకారులు చాలామంది ఒప్పుకున్న సంగతే. ఆ గెరిల్లాల నాయకుడు అబిమాయెల్ గుజ్మాన్ మాత్రం ఏ కొండలోనూ దొరకలేదు. 1992 సెప్టెంబరులో రాజధాని లిమాలో ఒక ఇంట్లో పట్టుబడ్డాడు. పట్టుకున్నది నెలల తరబడి నిఘా పెట్టి, చెత్తబుట్టలు కూడా వెతికిన పోలీసు డిటెక్టివులు, ఒక్క గుండు పేల్చకుండా. నా దృష్టిలో ఇదీ పనుల పంపకం అంటే. ఊరివాడు ఊరు కాస్తాడు, వేట పోలీసులది.

సల్వాజుడుంలో తప్పిపోయింది సరిగ్గా ఇక్కడే. గోండీలో ఆ పేరుకు శుద్ధి వేట అని అర్థం చెబుతారు. పేరులోనే వేట ఉంది చూడండి, కాపలా లేదు. ఆదివాసీలు తమంతట తామే మావోయిస్టుల మీద తిరగబడ్డారని ప్రభుత్వం అంది. మొదట్లో అందులో కొంత నిజం ఉండొచ్చు, పన్నులు, ఆంక్షలు, ప్రజాకోర్టు శిక్షలతో విసిగినవాళ్లు లేకుండా ఎలా ఉంటారు. కానీ కొద్ది నెలల్లోనే అది ఊరిని కాపాడటం మానేసి ఊళ్లను ఖాళీ చేయించే పనిలో పడింది. క్యాంపుకు రాకపోతే మావోయిస్టు కిందే లెక్క. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో తెలియని కుర్రాళ్లకు, ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యమన్నారు, రెండు నెలల శిక్షణ ఇచ్చి ఎస్పీవోలను చేశారు. కోర్టు తీర్పు నాటికి వాళ్ల గౌరవ వేతనం నెలకు 3,000. వాళ్లనే ముందు నడిపించేవారు. ఎందుకంటే అడవి దారులు వాళ్లకే తెలుసు, ముఖాలు వాళ్లకే తెలుసు. మందుపాతర మొదట పేలేదీ వాళ్ల కాళ్ల కిందే. మామూలు బలగాల కంటే ఎస్పీవోలే ఎక్కువ నిష్పత్తిలో చనిపోతున్నారని కోర్టు కూడా గమనించింది. 2007 మార్చిలో రాణిబోదిలి క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసి 55 మందిని చంపితే అందులో ఎక్కువమంది ఎస్పీవోలే. వాళ్లూ ఆదివాసీలే. చంపినవాళ్లలోనూ చాలామంది ఆదివాసీలే అయి ఉంటారు, ఒకే సంతలో ఉప్పు కొన్నవాళ్లు.

మా వాడికి ఇదంతా చెబితే, "అయితే పోలీసులను పెంచమను, నాకేం అభ్యంతరం, కానీ పెంచేదాకా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పెంచేదాకా పొలిమేర అనే గీత ఒకటి ఉండాలంటాను. ఊరివాడి తుపాకీ ఊరి పొలిమేర లోపల ఉన్నంతసేపు అది ఆత్మరక్షణ, నేను దానివైపే ఉంటాను. పక్క ఊరి గాలింపుకు రమ్మన్నా, అడవిలో దారి చూపమన్నా, ఫలానావాళ్ల ఇల్లు చూపించమన్నా, అతను ఇక వలంటీరు కాదు, పెన్షను లేని సిపాయి. ఆ పని అతనితో చేయించాలంటే యూనిఫాం ఇచ్చి, జీతం ఇచ్చి, పోతే కుటుంబానికి సైనికుడికిచ్చేదంతా ఇస్తామని రాసిచ్చి చేయించాలి. అలా చేయరు. ఎందుకు చేయరో చెప్పడానికి పెద్ద రాజకీయ పరిజ్ఞానం అక్కర్లేదు, చవక.

పొలిమేరలో ఉన్నవాళ్లందరూ కాపలాలో ఉండాలన్నది ఇంకో షరతు. ఇది లేకపోతే మొదటిది దండగ. పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో 2020 జనవరిలో వలంటీర్ల చట్టం చేశారు, 14 రోజుల శిక్షణ, చేతికి తుపాకీ. ఇక 2022లో 50,000 మందిని పిలిస్తే అంతకంటే చాలా ఎక్కువమంది పేర్లిచ్చారు. జనానికి ధైర్యం లేదని ఎవరూ అనలేరు. కానీ పశువులు కాసుకునే ఫులానీలను ఆ దళాల్లోకి దాదాపు రానివ్వలేదు. జిహాదీల్లో ఫులానీలు ఉన్నారు కాబట్టి ఫులానీ అంటేనే అనుమానం. చట్టానికి ఏడాది ముందే, 2019 జనవరి 1న, యిర్గూ అనే చోట ఊరి పెద్దను చంపారన్న కోపంతో స్థానిక సాయుధ దళం ఫులానీల ఇళ్ల మీద పడి పదుల మందిని ఊచకోత కోసింది. అలాంటి చోట బతికి బయటపడ్డ పద్దెనిమిదేళ్ల ఫులానీ కుర్రాడు ఎటు పోతాడు? జిహాదీలు వచ్చి మేం కాపాడతాం రా అంటే కాదనడానికి వాడి దగ్గర ఏం మిగిలింది? ఉగ్రవాదాన్ని ఆపడానికి పెట్టిన దళమే దానికి మనుషులను సరఫరా చేసిపెట్టింది.

జమ్మూలోనూ ఈ మచ్చ లేకుండా లేదు. కమిటీల్లో కొన్నిచోట్ల ఒకే మతంవాళ్లు ఉండటం, కొందరు సభ్యుల మీద హత్య, అత్యాచారం కేసులు, పాత కక్షల్లో రైఫిల్ బయటికి తీయడం, ఇవన్నీ రికార్డులో ఉన్నవే. నాలుగు వేలకు పైగా కమిటీలు, ఇరవై వేలు దాటిన సభ్యులు, వాళ్ల దగ్గరున్న ప్రతి తూటాకూ లెక్క అడిగే అధికారి ఉండాలి కదా. రైఫిల్ నంబరు, తూటాల సంఖ్య, ఏ రాత్రి ఎన్ని కాల్చారు, ఎందుకు కాల్చారు. విసుగ్గా ఉండే గుమాస్తా పని. కానీ కాపలాదారు రౌడీగా మారకుండా ఆపేది ఆ రిజిస్టరే, దేశభక్తి ఉపన్యాసాలు కావు.

పని అయిపోయాక ఈ వలంటీర్ల సంగతి ఎవరికీ పట్టదు. ఇరాక్‌లో 2006 నుంచి అన్బర్ ప్రాంతపు సున్నీ తెగలు అల్‌ఖైదా మీద తిరగబడితే అమెరికా నెలకు సుమారు 300 డాలర్లిచ్చి దాదాపు లక్షమందిని కూడగట్టింది. అల్‌ఖైదా వెన్ను విరిగింది. ఆ తర్వాత వాళ్లను బాగ్దాద్ ప్రభుత్వానికి అప్పగించి అమెరికా చేతులు దులుపుకుంది, ఆ ప్రభుత్వం వాళ్లను నమ్మలేదు, ఐదోవంతు మందికి బలగాల్లో ఉద్యోగాలన్న మాట చాలావరకు మాటగానే మిగిలింది. 2014లో ఐసిస్ వచ్చినప్పుడు ఎవరెవరు అప్పట్లో అమెరికా వైపు నిలబడ్డారో వెతికి మరీ చంపింది. ఐసిస్‌కు కూడా ముఖాలు తెలుసు.

మనదగ్గర 2022లో జమ్మూ కమిటీల పేరు మార్చి గ్రామ రక్షణ గార్డులన్నారు. అంతకుముందు మామూలు సభ్యులకు ఏమీ ఇచ్చేవారు కాదు, కొత్త స్కీములో బృందాన్ని నడిపేవారికి నెలకు 4,500, మిగతావారికి 4,000 అన్నారు. 2024 నవంబరు 7న కిష్ట్‌వాడ్ జిల్లాలో ఇద్దరు గార్డులు పశువులను మేపడానికి పైనున్న అడవిలోకి వెళ్లారు. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు, ఒకే ఊరి చుట్టుపక్కలవాళ్లు. ఉగ్రవాదులు వాళ్లను ఎత్తుకెళ్లి చంపి, కళ్లకు గంతలు కట్టి ఉన్న శవాల ఫొటోలు బయటపెట్టారు. ఆ రోజు వాళ్లు గస్తీకి వెళ్లలేదు. పశువులకు మేత కావాలి, నెలకు నాలుగు వేలతో ఇల్లు గడవదు, అందుకని వెళ్లారు.

ఈ ముక్క మా వాడికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాలుగు వేలంటే రోజుకెంత?" అని అడిగాడు. నూట ముప్పై మూడు రూపాయలు అన్నాను.